ఎత్తి తాగిన నీళ్లు

అయినా, మనిషికి దాహం వేసిందో లేదో చెప్పడానికి ఈ సీసా ఎవరు అని హైమకు ఒళ్లు మండిపోతోంది. సెలవు కదా, ఇంటిల్లిపాదీ సరదాగా నడుద్దామని ఎడారి పార్కుకు వచ్చారు. ఇక్కడ ఎవరు ఎప్పుడు ఎన్ని గుక్కలు తాగాలో పార్కువాళ్లు మెడలో తగిలించిన సీసాలే నిర్ణయిస్తాయి. అత్తగారు అలవాటుగా ఎంగిలి చెయ్యకుండా ఎత్తి తాగింది. పెదవి తగలకపోయేసరికి నీళ్లు పారబోస్తోందనుకుని ఆవిడ మెడలోని సీసా దానంతటదే మూత బిగించుకుంది.

"నాలుక పిడచకట్టుకుపోతోందిరా," అంటూ ఆవిడ ఇసుకలో కూలబడింది.

"ఇంకో గంటలో అదే తెరుచుకుంటుందమ్మా. రూలు కదా," అన్నాడు కొడుకు చలపతి.

"కన్నతల్లి కంటే సీసా మాట ఎక్కువైందా మీకు?" అని మొగుణ్ణి అడుగుతూ హైమ తన సీసా చేతిలోకి తీసుకుంది.

"నువ్వు పోస్తే నీదీ మూసుకుంటుంది. తర్వాత నన్నడక్కు."

హైమ తన సీసా మూత తీసి, అది మూసుకునేలోపే అత్తగారి దోసిట్లోకి మొత్తం ఒంపేసింది.