చెల్లని సాక్షి

మా ఆవిడ నాలుగేళ్ళు ప్రోగ్రాములు రాసిన చోట ఇప్పుడు పళ్ళ డాక్టరు కుర్చీ ఉంది.

అందులో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని పడుకున్నాడు.

"ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండాలండీ" అంటే డాక్టరు మా ఇద్దరి పళ్ళ వైపూ చూశాడు.

కంపెనీ ఎప్పుడో మూతపడిందట. యజమాని నంబరుకి చేస్తే ఎవరో చంటిపిల్ల ఎత్తి "తాతా" అంది.

విదేశంలో మా ఆవిడ కోరుకున్న ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ నాలుగేళ్ళ అనుభవాన్నీ అక్కడ అనుభవాలు సరిచూసే ఆఫీసు ఒప్పుకుంటేనే వీసా. నాది వేరే చదువు, నన్నెవరూ పిలవరు. వెళ్తే ఆవిడ కొంగు పట్టుకుని వెళ్ళాల్సిందే.

కంపెనీ లేకపోతే, తనతో పనిచేసినవాళ్ళెవరైనా తన పనేమిటో ప్రమాణం చేసి చెప్పొచ్చట. బంధువులు మాత్రం పనికిరారు.

అప్పట్లో ఆవిడ పని చూసిన టీమ్ లీడర్ని నేనే.

చేతిలో ఉన్న సాక్షిని ఆవిడ పెళ్ళి చేసుకుంది.

"తొందరపడ్డాను" అంది మెట్లు దిగుతూ. "ఇంకెవర్ని చేసుకున్నా నా నాలుగేళ్ళు నాకు మిగిలేవి."

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది? విడాకులిచ్చి సంతకం పెడతాను."

హ్యాండ్‌బ్యాగుతో ఒక్కటిచ్చింది.

"ఇంకొకరున్నారు" అన్నాను భుజం తడుముకుంటూ.

"చచ్చినా వద్దు."

మిగతావాళ్ళు ఎటు పోయారో ఆచూకీ లేదు. దొరికేది టెస్టరక్క ఒక్కతే.

మా ఆవిడ రాసినవాటిలో తప్పులు పట్టడమే ఆ అక్క ఉద్యోగం. ఉద్యోగమేమిట్లెండి, సరదా. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మధ్యలో నలిగింది నేను. మా పెళ్ళికి వచ్చి కూడా, అక్షింతలు వేశాక, "శుభలేఖలో పిన్‌కోడు తప్పు" అని చెప్పి మరీ వెళ్ళింది.

వెళ్ళక తప్పలేదు.

తలుపు తీస్తూనే, "ఏం పిల్లా, ఇప్పుడైనా రాసింది ఒకసారి చూసుకుని పంపిస్తున్నావా?" అంది.

మా ఆవిడ పళ్ళు నూరింది. విషయం నేనే చెప్పాను.

"దానికేం, ఇస్తాను. కానీ ఉన్నదున్నట్టే చెప్తా" అంది అక్క.

"నా భయమూ అదే" అని గొణిగింది మా ఆవిడ.

కొన్నాళ్ళకి ఆ ఆఫీసు వాళ్ళు అక్కకి ఫోను చేశారు. పెట్టేసిన మరుక్షణం అక్క మాకు చేసింది.

"అరగంట మాట్లాడానే! నీ ఘనకార్యాలన్నీ చెప్పేశా."

"ఏవి?"

"జీతాల ప్రోగ్రాములో ఫిబ్రవరికి ముప్ఫై రోజులు వేశావే, అది. ఆసుపత్రి ప్రోగ్రాములో మగాళ్ళందర్నీ కాన్పుల వార్డుకి పంపావే, అదీ. పాపం, ఫోను చేసినావిడ ఒకటే నవ్వు."

మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి కుర్చీలో కూలబడింది.

"కొంప ముంచింది" అంది.

ఆ వారమంతా మా ఇంట్లో టీవీ కూడా మెల్లగానే మాట్లాడింది.

మెయిలు వచ్చేసరికి ఆవిడ తలంటుకుని జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉంది. తను చూడనంది. నేనే చదివాను. రెండోసారి చదివాను.

"ఏమైంది? చెప్పి చావవేం?"

"నాలుగేళ్ళూ ఒప్పుకున్నారు. ఒక్క నెల కూడా కొయ్యలేదు!"

ఆవిడ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు బల్లి మీద పడిందేమోనని పరిగెత్తుకొచ్చారు. తువ్వాలు ఎటో పోయింది. తడిజుట్టుతో నన్ను చుట్టేసుకుని నా చొక్కా అంతా తడిపేసింది. నాకూ కళ్ళు తడిశాయి, ఆ నెపం జుట్టు మీదికి తోశాను.

వెంటనే అక్కకి ఫోను చేసింది.

"వచ్చేసింది అక్కా! అన్ని తప్పులు చెప్పినా ఎలా ఒప్పుకున్నారు?"

"అవన్నీ దిద్దిందెవరని అడిగారే. రాసిన పిల్లే దిద్దిందన్నా. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ నా బల్ల మీదికి రాలేదన్నా. అలాంటి పిల్లని నేను ఇంకెక్కడా చూళ్ళేదన్నా."

మా ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఆ మాట అప్పుడే అని ఉంటే నీ సొమ్మేం పోయేది అక్కా?"

"అంటే నెత్తికెక్కేదానివి" అంది అక్క. మళ్ళీ తనే, "ఇంతకీ, అక్కడ నీ తప్పులు ఎవరు చూస్తారే?" అంది.

మా ఆవిడ నా తడిచొక్కా కొస లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.