గోల్ వెనక కారు

"పీప్!"

కెల్విన్ వీపు వెనక ఆ హారన్ మళ్ళీ మోగింది.

గోల్ పడితే గ్రౌండ్ చుట్టూ నిలబెట్టిన కార్లన్నీ హారన్లు కొట్టడం ఆ ఊరి ఆనవాయితీ. ఈ బూడిదరంగు కారుది మాత్రం వింత వరస. గోల్ పడితే మూగనోము, ఏమీ జరగనప్పుడు మోత.

వాళ్ళాడే ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ ఉండడు. కెల్విన్ ఫుల్ బ్యాక్. గోల్ ముందు నిలబడి, ఎదుటి జట్టు ఫార్వర్డ్‌కి బంతి అందకుండా కాపలా కాయడం అతని పని. ఆటలో నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి అయ్యాక జట్లు అటూ ఇటూ మారతాయి. ఆ కారు కూడా గ్రౌండ్ చుట్టి వచ్చి కెల్విన్ వెనకే ఆగేది.

"రేపు పెళ్ళాం వచ్చినా ఇంతలా వెంటపడదురా!" అని కోచ్ మెర్వ్ నవ్వేవాడు.

కారులో ఉండేది ఓ ముసలాయన. ఎక్కణ్ణుంచో వచ్చి ఊరి చివర రేకుల ఇంట్లో దిగాడు. పేరు ఎవరూ అడగలేదు. హారన్ తాత అన్నారు, అదే పేరైపోయింది.

మెల్‌బోర్న్ నుంచి పెద్ద క్లబ్ మనిషి ఆటగాళ్ళని ఏరుకోవడానికి వస్తున్నాడని తెలిసిన రోజు, గనిలో పనికెళ్ళిన కెల్విన్ రొట్టె పొట్లం విప్పనే లేదు.

టాస్మేనియా పడమటి కొండల్లో జింకు గని అది. కెల్విన్ సొంత తాత అందులోనే పోయాడు. నాన్న అందులోనే దగ్గుతున్నాడు. పంజరం లాంటి లిఫ్టులో కిందికి దిగిన ప్రతిసారీ కెల్విన్‌కి ఊపిరాడేది కాదు. బయటపడాలంటే సముద్రం దాటాలి. దాటించేది ఆట ఒక్కటే.

"ఈ శనివారం తప్పితే నా బతుకూ ఇక్కడే నాన్నా," అన్నాడు ఆ రాత్రి ఇంట్లో.

"పెర్స్ డైరీన్ మన ద్వీపం వాడే కదరా!" అన్నాడు నాన్న దగ్గుతూనే. "ఆయన మెల్‌బోర్న్‌లో ఆడుతుంటే రేడియోకి చెవులప్పగించేవాళ్ళం. అంత ఫుల్ బ్యాక్ మళ్ళీ పుట్టలేదు. నువ్వూ అంతవాడివవుతావు."

"ఈ ఏడాది ఒక్కడూ నన్ను దాటలేదుగా. చూద్దాం."

శనివారం వాన. ఆట మొదలయ్యే ముందు కెల్విన్ నేరుగా బూడిదరంగు కారు దగ్గరికెళ్ళి అద్దం మీద కొట్టాడు.

"పెద్దాయనా, ఇవాళ నీ గోల వద్దు. మెల్‌బోర్న్ మనిషొస్తున్నాడు. నా వెనక ఈ పీప్ పీప్ వింటే నవ్విపోతాడు."

"ఇవాళ ఒక్కరోజు ఉండనీ బాబూ."

"ఇవాళ ఒక్కరోజు వద్దనే చెప్తున్నా! బండి తియ్!"

ముసలాయన ఫ్లాస్కు మూత మెల్లగా బిగించాడు.

"సరే. బంతినే చూస్తూ ఉండిపోకు. మధ్యమధ్య ఎదుటి ఫార్వర్డ్ మోకాళ్ళు కూడా చూడు."

"నాకు చెప్తున్నావా!"

బండి గేటు దాటింది. పీడ విరగడైంది అనుకున్నాడు కెల్విన్.

ఎదుటి ఫార్వర్డ్ ఎర్రజుట్టు బ్లూయీ. పోయిన నెల కెల్విన్ అతనికి బంతి వాసన కూడా చూపించలేదు.

బంతి గాల్లోకి లేచింది. కెల్విన్ కళ్ళు దాని మీదే. కాళ్ళు మాత్రం దేనికోసమో ఆగాయి. అది రాలేదు. తిరిగి చూస్తే పక్కన బ్లూయీ లేడు.

గోల్. కార్లన్నీ మోగాయి.

"ఎటు చూస్తున్నావురా? నేనిక్కడ!" అన్నాడు బ్లూయీ.

ఇంకోటి. దాని వెనకే మరోటి.

మెర్వ్ గీత దగ్గర నెత్తి కొట్టుకుంటున్నాడు. "వాడు వీపు వెనక నుంచి జారుకుంటున్నాడు, కనిపించట్లేదా?"

కనిపించదు. ఎప్పుడూ కనిపించలేదు. ఈ ఏడాదంతా బ్లూయీ లాంటివాడు కదిలినప్పుడల్లా వెనక "పీప్" అనేది, తన కాళ్ళు అటు దూకేవి. ఆ సంగతి కాళ్ళకి తెలుసు. తనకే ఇప్పుడు తెలిసింది.

మూడో క్వార్టర్ అవగానే పరిగెత్తుకొచ్చాడు.

"మెర్వ్, ఆ తాతని పిలిపించు!"

"ఏ తాత?"

"హారన్ తాత!"

"నువ్వే కదరా తరిమావు! కొండ రోడ్డెక్కి పోవడం చూశా. ఈపాటికి ఎంత దూరం పోయాడో!"

చుట్టూ కార్లు. కార్ల వెనక కొండలు. గోల్ ముందు ఆ చిన్న చదరంలో కెల్విన్ గుంజకి కట్టిన గొడ్డులా నిలబడ్డాడు. ఎటు కదలాలో తోచలేదు. ఏడుపొచ్చింది, వాన దాచింది. బ్లూయీ మాత్రం ఆగలేదు.

ఆట ఓడాక, పొడుగు కోటు మనిషి ఒకాయన గొడుగు పట్టుకుని వచ్చాడు.

"కెల్విన్ నువ్వేనా?"

"అవునండీ. ఇంకొక్క ఆట చూడండి సార్. నేను రోజూ ఇలా ఆడను."

"ఇంకో ఆటా? రాత్రికే నా ప్రయాణం బాబూ. అసలు ఈ వానలో, ఈ గని ఊరికి నేనొచ్చేవాణ్ణే కాదు. నా పాత స్నేహితుడొకాయన ఫోన్ల మీద ఫోన్లు చేసి పోరితే వచ్చా. 'ఆ కుర్రాడికి వీపున కళ్ళు లేవు. కాళ్ళు మాత్రం వాటంతటవే నేర్చుకుంటున్నాయి. వాణ్ణి తీసుకో, వెంట నేనూ వచ్చి మిగతాది నేర్పిస్తా' అన్నాడు."

కెల్విన్ ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"ఎవరు సార్?"

ఆయన గోల్ వెనక ఖాళీ జాగాకేసి చూశాడు. అక్కడ టైర్ల గాడుల్లో నీళ్ళు నిలిచాయి.

"తన పక్కన కూర్చుని చూడమన్నాడు, వచ్చిన దగ్గర్నుంచీ వెతుకుతున్నా. గోల్ వెనక బూడిదరంగు కారులో ఉంటానన్నాడే, మా పెర్స్ డైరీన్ ఏడీ?"