ముప్పై ఎనిమిదికి సీటా?

“ముప్పై ఎనిమిదా?”

డాక్టర్ పల్మారెస్ కళ్ళజోడు ముక్కు మీదకి దించి, ఎదురుగా కూర్చున్న మెర్లిండా వైపు చూశారు.

“ముప్పై ఎనిమిదో పర్సెంటైలే సర్.” ఆ అంకె పైకి చెప్పిన ప్రతిసారీ ఆమె చెవులు వేడెక్కుతాయి.

“అంటే మెడికల్ ఎంట్రన్సులో వందకి అరవై మందికి పైగా నీకంటే ముందున్నారు. వాళ్ళని పక్కకి నెట్టి నీకు సీటివ్వాలా, ఇందాయ్?”

ఫిలిప్పీన్స్‌లోని ఆ ఇలోఇలో ఊళ్ళో పెద్దలు ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే పిలుపది. అది వినగానే మెర్లిండాకి కాస్త ధైర్యం వచ్చింది.

“మార్కులెందుకు తగ్గాయి? తుఫానా? ఇక్కడికొచ్చే వాళ్ళందరూ తుఫాను మీదకే తోస్తారు.”

“తుఫాను కాదు సర్. ఫిజిక్స్ తలకెక్కలేదు. చదివాను, ఎక్కలేదు.”

నవ్వు కనబడకుండా ఆయన మీసం సవరించుకున్నారు. “నిజం చెప్పినందుకు మార్కులు కలపరు.”

ఫ్యాను తిరుగుతున్నా గది ఉక్కగానే ఉంది. ఆయన మాత్రం స్వెట్టరు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నారు. గుమ్మం వైపు తిరిగి, ఆఫీసు పనిమనిషిని పిలుస్తున్నట్టు, “పురిటా! రెండు కాఫీలు!” అని కేకేశారు. ఎవరూ పలకలేదు.

“బయటికి వెళ్ళినట్టుంది సర్,” అంది మెర్లిండా మెల్లగా.

“ఎప్పుడూ అంతే దాని పని. సరే, ఏ ఊరన్నావు?”

“హిగాంటెస్ దీవి సర్.”

“డాక్టరువే ఎందుకు కావాలి? సముద్రపు గుల్లల వ్యాపారం చేసుకోవచ్చుగా, మీ దీవిలో అవే కదా గుట్టలు!”

“గుల్లలు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు సర్. డాక్టరే లేడు. మా అమ్మకి నొప్పులొస్తే పడవెక్కించాం. ఒడ్డు కనబడేలోపే తమ్ముడు పుట్టేశాడు. పడవ నడిపేవాడు భయపడి ఇంజను ఆపేశాడు. బొడ్డు నేనే కోశాను.”

“ఎన్నేళ్ళుంటాయి నీకప్పుడు?”

“పదమూడు.”

“చదువయ్యాక మళ్ళీ ఆ దీవికి వెళ్తావా? వెళ్తామనే అంటారు అందరూ. ఆ తర్వాత మనీలా అంటారు, దుబాయ్ అంటారు.”

“వెళ్తాను సర్.” ఆ మాటకి మాత్రం ఆమె గొంతు తడబడలేదు.

“మనసు మంచిదే. కానీ ముప్పై ఎనిమిది ముప్పై ఎనిమిదే.” ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. “వచ్చే ఏడు రా. బాగా చదివి రా. ఇక లే.”

మెర్లిండా లేవలేదు.

“మిగతా కాలేజీలన్నీ నన్ను గుమ్మంలోంచే పంపేశాయి సర్. కూర్చోమన్నది మీరొక్కరే.”

“కూర్చోమన్నంత మాత్రాన సీటిస్తామా?”

“వచ్చే ఏడాది దాకా ఆగడానికి లేదు సర్.”

“ఏం? ఆగితే ఎవరైనా చస్తారా?”

ఆమె తల దించుకుంది. “చావొచ్చు సర్.”

పల్మారెస్ ముందుకి వంగారు. “ఎవరు?”

“మా పెద్దాయన. మెట్టెక్కితే ఆయాసం. రాత్రిళ్ళు పడుకోలేరు. ఎవర్నీ ఒంటి మీద చెయ్యి వేయనివ్వరు.”

“మొండివాడన్నమాట.”

“మామూలు మొండి కాదు సర్.”

“అలాంటి ముసలాళ్ళకి రెండు తగిలించాలి!” అని ఆయన పకపకా నవ్వి, ఆ నవ్వుకే దగ్గొచ్చి రొప్పారు. తేరుకున్నాక ఆయన చూపు మెత్తబడింది. “పోనీ, ఆ ముసలాడి గుండె వినడమైనా వచ్చా నీకు?”

“మీరు నేర్పితే వస్తుంది సర్.”

ఆయన బల్ల సొరుగులన్నీ లాగి వెతికారు. మెర్లిండా తన సంచిలోంచి స్టెతస్కోపు తీసింది.

“సీటు రాకముందే కొనేశావా! పెళ్ళి కాకముందే ఉయ్యాల కట్టినట్టుంది నీ వరస.” స్వెట్టరు గుండీలు తనే విప్పి, ఆమె చెయ్యి పట్టుకుని ఛాతీ మీద పెట్టుకున్నారు. “ఇక్కడ కాదు. ఇంకొంచెం కిందకి. గట్టిగా నొక్కకు, తలుపు తడుతున్నావా? ఆఁ, అక్కడ. కళ్ళు మూసుకుని విను. తొందరేం లేదు.”

మెర్లిండా కళ్ళు మూసుకుంది. చాలాసేపు విన్నది.

“ఎన్ని చప్పుళ్ళు?”

“రెండు సర్. వాటి వెనక మూడోది కూడా ఉంది. సన్నగా.”

ఆయన కనుబొమలు పైకి లేచాయి. “మొదటిరోజే మూడోది పట్టేసినవాళ్ళని నేను చూళ్ళేదు. చెవి ఉంది నీకు, ఇందాయ్. ఫిజిక్స్ ఎవడిక్కావాలి? సీటిచ్చాను, పో.”

మెర్లిండా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“ఏడుపెందుకు? ఇదిగో, మొదటి పాఠం. మీ ముసలాడి గుండెలో కూడా ఆ మూడో చప్పుడు వినిపిస్తే గుండె అలిసిపోయిందని అర్థం. ఉప్పు మాన్పించు. ఒంట్లో నీరు తీసే మాత్ర వేయించు.”

“మింగరు సర్. ఊసేస్తారు.”

“నా పేరు చెప్పు. పల్మారెస్ వేసుకోమన్నాడని చెప్పు. ఎలా మింగడో చూస్తాను!”

“అలాగే సర్. మీ పేరే చెప్తాను.”

ఆమె వంగి ఆయన చేతిని తన నుదుటికి ఆనించుకుంది. ఆయన రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టి, “బాగా చదువుకో,” అన్నారు.

మెర్లిండా తలుపు దగ్గరగా వేసి, కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. అక్కడే కాచుకుని ఉన్న నర్సు మందుల ట్రేతో గబగబా ఎదురొచ్చింది.

“మీ పాత డీన్ గారికి మీరింకా సీటడగొచ్చిన పిల్లేనా? ఇవాళైనా గుండె చూడనిచ్చారా, డాక్టర్?”