కంచెకు అటూ ఇటూ

"ఈ మట్టి చచ్చిపోయిందే! నువ్వు నాటినవి ఏ ఏడు బతికాయి కనక?" కొండవాలును గొర్రెలకు మూసెయ్యమని అడిగిన సల్వోర్‌ను భర్త థోర్గ్రిం ఎప్పటిలాగే ఎగతాళి చేశాడు.

దేశపు అడవుల పటాలు గీసే మేనకోడలు ఇల్వా రెండు పటాలను బల్లపై పరిచింది. "మావయ్యా, ఇది ముప్పై ఏళ్లనాటిది. ఇది ఇప్పటిది."

"ఐస్‌లాండులో మోకాలెత్తు పొద కూడా అడవేనా?" నవ్వాడతను.

పాత పటంలో కొండంతా బోడిగానే ఉంది. కొత్త పటంలో పచ్చదనం ఒక గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది.

"ఇటు బోడినేల మనదేగా. అటు?" వంగి చూశాడు థోర్గ్రిం.

"పక్కవాళ్లది. గొర్రెల్ని మేపడం మానేశారు."

"మట్టి?"

"రెండు వైపులా ఒకటే, మావయ్యా."

ఆ గీత థోర్గ్రిం తన చేతులతో వేసిన కంచె. అతని తల వాలిపోయింది.

"తిట్టవే, సల్వోర్."

"కాఫీ చల్లారిపోతోంది, తాగవయ్యా."

"ముందు తాళం ఇవ్వు, గొర్రెలు పోకుండా కొండ గేటు మూసేసొస్తా."