గురుకులం దరఖాస్తు

“సంతకం పెట్టేది లేదు. పో.”

శింగనమల దగ్గరి ఆ పల్లెలో బడి ఒక్కటే, పంతులూ ఒక్కడే. పేరు జయరాం. ఉద్యోగం వచ్చి మూడేళ్లయింది. అప్పటి నుంచి నెలనెలా ఆయనకు జీతమూ, ఎదుటివాళ్లకు ఆయన ఉపన్యాసమూ అందుతున్నాయి.

ఎదురుగా నిలబడిన మనిషి పంచె మీద సిమెంటు మరకలున్నాయి. పక్కన పదేళ్ల కూతురు చౌడేశ్వరి.

“గురుకులం పరీక్షకు ఈ పొద్దే ఆఖరు సార్. అయిదులోపల శింగనమలలో ఇయ్యాల.”

“నాలుగు నెల్లు పిల్లని యాడికి తీసకపోయినారు? పేరు కొట్టేసినా. బడిలో లేని పిల్లకి నేనెట్ల సంతకం పెట్టేది?”

“వానల్లేవు కదా సార్. బెంగుళూరికి మట్టి పనికి పోయినాము. ఆడ నేనే చెప్పినా చదువు.”

“నువ్వా?”

జయరాంకి నవ్వు ఆగలేదు. సరే, వేడుక చూద్దామని పిల్లను అడిగాడు.

“ముక్కాల్లో సగమెంత?”

“మూడు బై ఎనిమిది సార్. మా నాయన ఇటుక పగలగొట్టి చూపించినాడు.”

జయరాం లోలోపల లెక్క వేసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అదే ఆయనకు నచ్చలేదు.

“వచ్చే ఏటికి దీనికి వయసు దాటిపోతాది సార్,” అన్నాడా తండ్రి. “మీరు సంతకం పెట్టకుంటే దీన్నీ పనికే తోలకపోవాల.”

“రూలు రూలేనప్పా.”

రూలు ఉన్నమాట నిజమే. కొట్టేసిన పేరును మళ్లీ రాసుకునే అధికారమూ జయరాందే. సర్పంచు మనవడు ఏడాదంతా అనంతపురంలో చదువుతున్నా, పోయిన వారమే సర్పంచును కూర్చోబెట్టి మరీ వాడి దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. అప్పుడు రూలు గుర్తు రాలేదు.

“నన్ను చూడు. గొర్లు మేపుకుంటా చదివినా. ఒక్కడు సాయం చేసినోడు లేడు. కష్టపడినోన్ని ఎవడూ ఆపలేడప్పా.”

“కష్టం మేమూ చేసినాము సార్.”

“మట్టి మోసేది కష్టం కాదు. చదివేది కష్టం.”

అతను దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

“మింగ మెతుకు లేదు గానీ గురుకులం కావాలంట,” అని గొణుక్కుంటూ జయరాం మూడో తరగతి వైపు తిరిగాడు.

బడి విడిచాక పోస్టుమన్ యేసన్న వచ్చాడు.

“ఓబులేసు మీ దగ్గరికి వచ్చిన్యాడా సార్? పిల్లను తోలుకొని బెంగుళూరు బస్సెక్కతాంటే చూసినా. మొగం చూడలేకపోయినా.”

“పోనీలేప్పా. చదువు విలువ తెలియనోళ్లు.”

యేసన్న సైకిలుకు స్టాండు వేశాడు.

“వానికి తెల్దా సార్? పగలంతా బావుల్లో పూడిక తీసి, మాపున చదువుకొని, మీ మాదిరే టీచరు పరీక్ష రాసినాడు. పోస్టు తీసుకునేకి రమ్మని రిజిస్టరు కవరొస్తే నేనే తెచ్చినా. వాడేమో కూలికి పోయిండాడు. ఇంట్లో వాళ్లమ్మ బయమ్మ ఒకతే ఉండాది.”

“ఇచ్చినావా?”

“యాడ ఇచ్చేది? సర్కారు ముద్ర చూసి బ్యాంకోళ్ల జప్తు నోటీసు అనుకునింది. చేతికి తీసుకోకుంటే జప్తు చెల్లదని ఈడ అందరూ అనుకుంటారు కదా. తలుపేసుకునింది. లోపల ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? ‘తీసుకోలేదు’ అని రాసి వాపసు పంపినా.”

“తర్వాత?”

“నెల తర్వాత వాడు ఊరికొచ్చి, అనంతపురం ఆఫీసుకు పోయి అడిగినాడు. నాలుగు వందల పన్నెండో ర్యాంకు, పిలిస్తే రాలేదు, ఇంకొకరికి ఇచ్చేసినాము అన్నారంట. మళ్లీ పరీక్ష పెట్టేసరికి వయసు దాటింది.”

జయరాం హాజరు పట్టీ తీసి, కొట్టేసిన పేరు వెతికాడు.

“నాతో ఒకటే అన్నాడు సార్. ‘అన్నా, ఆ కవరు సంగతి మా అమ్మకు చెప్పొద్దు, బతకదు’ అన్నాడు. ఇప్పటికీ ఆ ముసలామెకు తెల్దు.”

జయరాం కుర్చీలోంచి లేచి రోడ్డు దాకా పరుగెత్తాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. టైము అయిదున్నర.

మూడేళ్ల కిందట అనంతపురంలో నాలుగు వందల పన్నెండో ర్యాంకును మూడుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోయేసరికి, మిగిలిన ఆ ఒక్క పోస్టూ వెనకే ఉన్న నాలుగు వందల పదమూడో ర్యాంకు జయరాంకు ఇచ్చారు.