అమ్మ చదివిన కథ

తిరుపతి మహిళా కళాశాలలో పూర్వ విద్యార్థినుల పుస్తకాల ప్రదర్శన జరుగుతోంది. బల్ల మీదున్న తన కథల సంపుటిని తల్లి చేతిలోకి తీసుకోవడం చూసి రూపశ్రీ గబగబా దగ్గరికి వెళ్లింది. ఆమెను రమ్మనలేదు. ఎవరో చెబితే శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి తనే వచ్చింది జ్ఞానాంబ.

“ఈడ వద్దుమా, ఇంటికాడ సదువుకుందువు. ఇట్లియ్యి,” అని లాక్కోబోయింది రూపశ్రీ.

తల్లి వదల్లేదు. నిలబడే మొదటి కథ చదివింది.

ఐదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని చావడానికి రైలు పట్టాల మీదికి నడిచిన ఒక తల్లి, ఆ బిడ్డ ముఖం చూసి మనసు మార్చుకుని వెనక్కి వచ్చిన కథ అది. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

“తప్పయిపోయిందిమా. నీ బతుకు తెచ్చి నలుగుర్లో పెట్టినాను. పుస్తకాలన్నీ ఇప్పుడే తీసేయిస్తా. నాతో మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు.” రూపశ్రీ అందరి ముందూ ఏడ్చేసింది.

జ్ఞానాంబ పుస్తకం మూసింది.

“తీసేయొద్దు పాపా. అంతా జరిగిందే రాసినావు. ఒగటే తప్పు. నేను నీ మొగం సూడనే లేదు. రైలు వస్తా ఉంటే, నువ్వే నా కొంగు పట్టుకొని నన్ను ఇవతలికి ఈడ్చుకొచ్చినావు.”