మెషిన్‌లో వేయని చొక్కా

రాత్రి విప్పిన బట్టలు మెషిన్‌లో వేస్తే కరిగి, సన్నని దారాలుగా సాగి, తెల్లారేసరికి కొత్త బట్టలై వచ్చేవి. గాజువాకలో అందరిళ్లలోనూ అంతే.

భార్యకు ఐదో నెల రాగానే ధనుంజయకి అత్తగారు చెప్పారు: "పుట్టిన బిడ్డకి ముందు పాతబట్టే చుట్టాలి బాబూ. ఊరంతా అడిగాను, ఎవరింట్లోనూ లేదు."

ఆ రోజు నుంచి అతను తన చొక్కా మెషిన్‌లో వేయలేదు. చేత్తో ఉతికి రోజూ అదే తొడుక్కున్నాడు. ఆఫీసులో పక్కవాళ్లు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు. "ఇంట్లో మెషిన్ పాడైందా?" అని మేనేజరు అడిగాడు.

ఆసుపత్రిలో బిడ్డ ఏడుపు వినగానే చొక్కా విప్పి నర్సుకిచ్చి, బనీనుతో వరండాలో నిలబడ్డాడు. మెరిసే కొత్త చొక్కాలో ఉన్న మరో తండ్రి దగ్గరికొచ్చాడు.

"అన్నా, అందులో ఓ ముక్క మాకూ చింపిస్తావా?"